నిష్క్రియ డేటాబేసు అనుసంధానాల నిర్వహణ

నిష్క్రియ డేటాబేసు అనుసంధానాల నిర్వహణ అనగా అప్లికేషన్ సర్వరుకు, డేటాబేసు సర్వరుకు మధ్య తెరచి ఉంచబడి, ప్రస్తుతానికి ఏ పనీ లేక ఖాళీగా ఉన్న నెట్‌వర్కు అనుసంధానాలను (కనెక్షన్లను) ఎన్ని ఉంచుకోవాలి, ఎంతసేపు ఉంచుకోవాలి, వాటిలో ఏది పనికి వస్తుంది, ఏది తెగిపోయింది అనే విషయాలను నిర్ణయించే విధానము. బ్యాంకులు, రైల్వే రిజర్వేషను, మీసేవ వంటి పౌరసేవలు, పరీక్షా ఫలితాల వెబ్‌సైట్లు మొదలైన వాటన్నిటిలోనూ ఈ నిర్వహణ అవసరమవుతుంది.

ఒక అనుసంధానం నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అది సజీవంగా ఉన్నదో, మధ్యలో తెగిపోయినదో ఆ నిశ్శబ్దాన్ని బట్టి తెలుసుకోవడం సాధ్యం కాదు. ఈ రంగంలోని సమస్యలలో అధికభాగం దీని నుండే పుడుతున్నాయి.

అనుసంధానం స్వరూపం

రెండు కంప్యూటర్ల మధ్య అనుసంధానం అంటే వాటిని కలిపే ప్రత్యేకమైన తీగ కాదు. 1981లో ప్రామాణికంగా ప్రకటింపబడిన టీసీపీ నియమావళి ప్రకారం, అనుసంధానం అనేది రెండు చివరలలోని కంప్యూటర్లు తమ తమ జ్ఞాపకశక్తిలో ఉంచుకొనే ఒక నమోదు మాత్రమే. అవతలి యంత్రం చిరునామా, పోర్టు సంఖ్య, ఇంతవరకు ఎన్ని బైట్లు పంపినది, ఎన్ని అందుకొన్నది అనే వివరాలు ఆ నమోదులో ఉంటాయి. పంపవలసిన సమాచారం ఏదీ లేనప్పుడు రెండు యంత్రాల మధ్య ఒక్క ప్యాకెట్టు కూడా ప్రయాణించదు. ఒక రోజంతా ఏమీ పంపకపోయినా నియమావళి దృష్టిలో ఆ అనుసంధానం కొనసాగుతున్నట్లే లెక్క.

దీనిని పాతకాలపు ల్యాండులైను ఫోనుతో పోల్చవచ్చును. ఇద్దరూ మాట్లాడకుండా రిసీవరు చెవి దగ్గర పెట్టుకొని ఉన్నప్పుడు, అవతలివారు మౌనంగా ఉన్నారో, లైను కట్ అయినదో తెలియదు. "హలో" అని పలుకరించి, బదులు వస్తుందేమో చూడాలి. కంప్యూటర్లకు కూడా ఇంతకు మించిన మార్గం లేదు.

అనుసంధానం ఏర్పాటుకు కొంత ఖర్చు ఉన్నది. మొదట రెండు యంత్రాల మధ్య మూడు సందేశాలు నడుస్తాయి. తరువాత గుప్తీకరణకు సంబంధించిన ఒప్పందం, వాడుకరి పేరు, సంకేతపదం పరిశీలన జరుగుతాయి. ఆ పైన డేటాబేసు సర్వరు ఆ అనుసంధానానికి కొంత జ్ఞాపకశక్తిని కేటాయిస్తుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి అనుసంధానానికి ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను, మైఎస్‌క్యూఎల్ ఒక థ్రెడ్‌ను ప్రారంభిస్తాయి. ఒక చిన్న వివరాన్ని వెదకి తెచ్చే ప్రశ్నకు పట్టే కాలం కంటె ఈ ఏర్పాట్లకు పట్టే కాలమే తరచు ఎక్కువ.

చరిత్ర

ఎక్కువమంది వాడుకరులకు తక్కువ వనరులతో సేవ చేయడమనే ఆలోచన అంతర్జాలానికి పూర్వమే ఉన్నది. ఐబీఎం సంస్థ 1969లో విడుదల చేసిన సిక్స్, 1983లో బెల్ ప్రయోగశాలలలో మొదలైన టక్సిడో వంటి లావాదేవీల నియంత్రణ సాఫ్ట్‌వేర్లు ఈ పనినే చేసేవి. 1980, 1990 దశకాలలో వ్యాపించిన రెండంచెల పద్ధతిలో మాత్రం ప్రతి ఉద్యోగి బల్ల మీది కంప్యూటరు నేరుగా డేటాబేసుకు అనుసంధానమయ్యేది. కార్యాలయంలో పది కంప్యూటర్లుంటే పది అనుసంధానాలు. ఉదయం తెరిస్తే సాయంత్రం వరకు ఉండేవి.

వెబ్ వచ్చిన తరువాత ఈ లెక్క చెల్లలేదు. వేలమంది వాడుకరులు వస్తూ పోతూ ఉంటారు గనుక ఒక్కొక్కరికి ఒక్కొక్క అనుసంధానం ఇవ్వడం కుదరదు. అందువలన వాడుకరికి, డేటాబేసుకు మధ్య అప్లికేషన్ సర్వరు అనే మూడవ అంచె ఏర్పడినది. కొన్ని అనుసంధానాలను ముందే తెరచి సిద్ధంగా ఉంచుకొని, పని వచ్చినప్పుడు ఒకటి తీసి ఇచ్చి, పని పూర్తి కాగానే తిరిగి తీసుకొనే పద్ధతి 1990ల చివర జావా మొదలైన భాషలలో స్థిరపడినది. ఇలా సిద్ధంగా ఉంచిన అనుసంధానాల సమూహాన్ని కనెక్షన్ పూల్ అంటారు.

తెలుగునాట

ఈ పరిణామం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పౌరసేవల కంప్యూటరీకరణలో కూడా కనిపిస్తుంది. 1998లో రిజిస్ట్రేషన్ల శాఖలో ప్రారంభమైన కార్డ్ పథకంలో సబ్-రిజిస్ట్రారు కార్యాలయాలలోనే సర్వర్లను నెలకొల్పి, అక్కడి కంప్యూటర్లను వాటికి కలిపారు. సర్వరు, వాడుకరి ఒకే కప్పు క్రింద ఉండేవారు. 1999లో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో ట్విన్స్ పేరుతో మొదలైన ప్రయోగం 2001లో ఈసేవగా విస్తరించినది. ఇందులో సేవా కేంద్రం, డేటా కేంద్రం, శాఖల సర్వర్లు వేరు వేరు అంచెలుగా ఉండేవి. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ, క్రమంగా రాష్ట్రమంతటా మండల కేంద్రాలకు చేరినది.

ఖానాపూర్ పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నిర్మల్ జిల్లాలో చేరిన మండల కేంద్రము. ఇటువంటి ఊరిలోని ఒక సేవా కేంద్రానికి ఆదాయ ధ్రువీకరణ పత్రం కొరకు ఒక విద్యార్థి వచ్చినాడనుకొందాము. మూడంచెల పద్ధతిలో ఆపరేటరు కంప్యూటరులోని బ్రౌజరు దూరాన ఉన్న అప్లికేషన్ సర్వరుతో మాట్లాడుతుంది. అప్లికేషన్ సర్వరు తన పూల్ నుండి ఒక అనుసంధానాన్ని తీసి డేటాబేసుతో మాట్లాడుతుంది. ఖానాపూర్‌లో కరెంటు పోతే తెగేది మొదటి అనుసంధానమే. ఈ వ్యాసం విషయమైన రెండవ అనుసంధానం డేటా కేంద్రంలో ఉంటుంది. అయినా దాని లోపం ఫలితం చివరకు కనిపించేది ఖానాపూర్ కౌంటరు వద్దనే. ఊరి కేంద్రంలో నెట్ బాగానే ఉన్నా తెర మీద చక్రం తిరుగుతూ ఉండడానికి గల కారణాలలో ఇది ఒకటి.

కార్యాలయాల పనివేళలు ఈ సమస్యను ప్రస్ఫుటం చేస్తాయి. పగలంతా ఎడతెగక పని చేసిన అనుసంధానాలు రాత్రి పది, పన్నెండు గంటలు ఖాళీగా ఉంటాయి. ఆదివారం కలిస్తే ఇంకా ఎక్కువ. కళాశాలలలో ప్రవేశాలు జరిగే జూన్, జూలై నెలలలో కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాల కొరకు రద్దీ పెరిగి, తరువాత తగ్గుతుంది. రద్దీకి తగినట్లు తెరచిన అనుసంధానాలు రద్దీ తగ్గిన తరువాత మిగిలిపోతాయి.

నిష్క్రియ అనుసంధానాలలో రకాలు

పైకి ఒకే విధంగా కనిపించినా వీటిని నాలుగు రకాలుగా విభజించవచ్చును.

* నిజంగా ఖాళీగా ఉన్నవి: పూల్‌లో తమ వంతు కొరకు వేచి ఉండేవి. ఇవి తగిన సంఖ్యలో ఉంటే మేలు.
* లావాదేవీ మధ్యలో ఆగినవి: పని మొదలుపెట్టి, ముగించకుండా వదిలివేసినవి. ఇవి కొన్ని వరుసలకు తాళం వేసి ఉంచడం వలన ఇతరుల పని నిలిచిపోతుంది. సంఖ్యలో ఒక్కటైనా హాని ఎక్కువ.
* లీకైనవి: ప్రోగ్రాము పూల్ నుండి తీసుకొని తిరిగి ఇవ్వనివి. ఇవి కొద్దికొద్దిగా పేరుకొని చివరకు పూల్‌ను ఖాళీ చేస్తాయి.
* ఒక వైపు మాత్రమే మిగిలినవి: అవతలి వైపు మూసివేయబడి, ఇవతలి వైపు తెరచి ఉన్నట్లు భావించబడేవి. వీటిని సగం తెరచిన అనుసంధానాలు అంటారు.

మూడు గడియారాలు

అప్లికేషన్ సర్వరుకు, డేటాబేసుకు మధ్య చాలా సందర్భాలలో ఫైర్‌వాల్ గాని, లోడ్ బ్యాలెన్సరు గాని ఉంటుంది. అది కూడా తన గుండా పోయే ప్రతి అనుసంధానాన్నీ ఒక పట్టికలో నమోదు చేసుకొంటుంది. ఆ పట్టికకు పరిమితి ఉన్నందున, కొంతకాలం ప్యాకెట్లు రాని నమోదులను తొలగిస్తుంది. ఈ విధంగా ఒకే అనుసంధానం మీద మూడు గడియారాలు నడుస్తాయి: పూల్‌ది ఒకటి, మధ్యనున్న ఫైర్‌వాల్‌ది ఒకటి, డేటాబేసుది ఒకటి. వీటిని తరచు ముగ్గురు వేరు వేరు వ్యక్తులు అమరుస్తారు. ఒకరి అమరిక మరొకరికి తెలియకపోవడమే చాలా వైఫల్యాలకు కారణము.

ప్రసిద్ధమైన విలువలను పక్కపక్కన ఉంచితే ఇది స్పష్టమవుతుంది. సిస్కో ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌లో ఖాళీ టీసీపీ అనుసంధానానికి సాధారణ గడువు 1 గంట. మైఎస్‌క్యూఎల్ తన వైపు 8 గంటలు, అనగా 28,800 సెకండ్లు వేచి ఉంటుంది. లినక్సులో "హలో" వంటి పలుకరింపు సందేశం (కీప్ అలైవ్) ప్రోగ్రాము కోరినప్పుడే వెళుతుంది. కోరినా మొదటి సందేశం 2 గంటల నిశ్శబ్దం తరువాతనే. అంటే ఫైర్‌వాల్ మరచిపోయిన గంట తరువాత గాని పలుకరింపు మొదలు కాదు. క్లౌడ్ సేవలలో గడువు ఇంకా తక్కువ: అమెజాన్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సరులో సాధారణంగా 350 సెకండ్లు, మైక్రోసాఫ్ట్ అజూర్ లోడ్ బ్యాలెన్సరులో 4 నిమిషాలు.

రెండు గంటల విరామం పొరపాటున వచ్చినది కాదు. 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 అనే ప్రమాణ పత్రం, పలుకరింపు సందేశాలను కోరినప్పుడే వాడాలని, వాటి సాధారణ విరామం 2 గంటలకు తక్కువ ఉండరాదని నిర్దేశించినది. తాత్కాలిక అంతరాయాల వలన మంచి అనుసంధానాలు తెగిపోవచ్చునని, పంపిన ప్యాకెట్లను బట్టి రుసుము చెల్లించే చోట ఇది వృథా ఖర్చు అని అప్పటి అభిప్రాయము. నేటి నెట్‌వర్కులలో ఆ విరామం చాలా పెద్దది.

నిశ్శబ్దంగా తెగినప్పుడు జరిగేది

డేటాబేసు తానే అనుసంధానాన్ని మూసినప్పుడు ముగింపు సందేశం పంపుతుంది. అది చేరితే అప్లికేషన్ సర్వరు తరువాతి ప్రయత్నంలో వెంటనే దోషాన్ని గుర్తిస్తుంది. మైఎస్‌క్యూఎల్ వాడేవారికి పరిచితమైన "సర్వర్ హ్యాజ్ గాన్ అవే" అనే సందేశానికి ఇది ఒక సాధారణ కారణము.

ఫైర్‌వాల్ మరచిపోయినప్పుడు పరిస్థితి వేరు. చాలా ఫైర్‌వాల్‌లు తమ పట్టికలో లేని అనుసంధానానికి చెందిన ప్యాకెట్టును ఏ సమాధానమూ ఇవ్వకుండా పారవేస్తాయి. ఉదయం మొదటి దరఖాస్తుకు పూల్ ఒక అనుసంధానాన్ని ఇస్తుంది. అప్లికేషన్ సర్వరు ప్రశ్నను పంపుతుంది. బదులు రాదు. దారిలో ప్యాకెట్టు పోయినదని భావించి మళ్ళీ మళ్ళీ పంపుతుంది. లినక్సు సాధారణ అమరికలో ఈ ప్రయత్నాలు ఆగిపోయి దోషం ప్రకటింపబడడానికి సుమారు 15 నిమిషాలు పడుతుంది. అంతసేపు కౌంటరు వద్ద ఉన్న వ్యక్తికి ఏ కారణమూ తెలియదు. ఆపరేటరు పేజీని మళ్ళీ తెరిస్తే పూల్ నుండి మరొక అనుసంధానం వస్తుంది. అది కూడా రాత్రంతా ఖాళీగా ఉన్నదే గనుక అదే గతి పడుతుంది.

నిర్వహణ పద్ధతులు

1. పూల్ గడువు అన్నిటికంటె తక్కువగా ఉండాలి. అనుసంధానాన్ని ముందుగా వదిలివేయవలసినది పూల్. ఫైర్‌వాల్ గడువు 60 నిమిషాలు, డేటాబేసు గడువు 8 గంటలు అయితే, పూల్‌లో ఖాళీ గడువును 10 నిమిషాలుగాను, గరిష్ఠ ఆయుర్దాయాన్ని 30 నిమిషాలుగాను ఉంచవచ్చును. అప్పుడు మరచిపోబడిన అనుసంధానం వాడుకరి చేతికి వచ్చే అవకాశం దాదాపు ఉండదు. అన్నీ ఒకే క్షణంలో ముగియకుండా ఆయుర్దాయాలను కొద్దికొద్దిగా మార్చడం మంచిది.

2. ఇచ్చే ముందు పరీక్షించడం. అనుసంధానాన్ని ప్రోగ్రాముకు ఇచ్చే ముందు పూల్ ఒక చిన్న ప్రశ్న పంపి బదులు వస్తుందో లేదో చూస్తుంది. 2006లో వచ్చిన జేడీబీసీ 4.0 ఇందుకొరకు ప్రత్యేకమైన మెథడ్‌ను చేర్చినది. ప్రతిసారి పరీక్షిస్తే ప్రతి పనికీ ఒక రాకపోక అదనమవుతుంది గనుక, కొంతసేపు వాడని వాటినే పరీక్షించడం మధ్యేమార్గము. ఈ పరీక్షకు కూడా కొన్ని సెకండ్ల కాలపరిమితి ఉండాలి. లేకుంటే పరీక్షయే పైన చెప్పిన 15 నిమిషాలు వేచి ఉంటుంది.

3. పలుకరింపు సందేశాలు. టీసీపీ స్థాయిలో విరామాన్ని ఫైర్‌వాల్ గడువు కంటె బాగా తగ్గించి అమర్చితే, అనుసంధానం సజీవంగా ఉన్నట్లు ఫైర్‌వాల్‌కు తెలుస్తుంది. తెగితే పూల్‌కు తెలుస్తుంది. లినక్సు సాధారణ విలువలలో 7,200 సెకండ్ల తరువాత 75 సెకండ్లకు ఒకటి చొప్పున 9 సందేశాలకు బదులు రాకపోతేనే అనుసంధానం తెగినట్లు నిర్ణయం జరుగుతుంది. మొత్తం 7,875 సెకండ్లు, అంటే 2 గంటల 11 నిమిషాల పైమాటే. విరామాన్ని 5 నిమిషాలకు తగ్గించినా గంట గడువు గల ఫైర్‌వాల్‌కు అది చాలును.

4. సంఖ్యను మితంగా ఉంచడం. అవసరమైన అనుసంధానాల సంఖ్యను లెక్కించడానికి జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఉపకరిస్తుంది: సెకండుకు వచ్చే పనుల సంఖ్యను, ఒక్కొక్క పని అనుసంధానాన్ని ఉంచుకొనే కాలంతో గుణించాలి. సెకండుకు 200 పనులు వచ్చి, ఒక్కొక్కటి 0.02 సెకండ్లు తీసుకొంటే సగటున 4 అనుసంధానాలు వాడుకలో ఉంటాయి. ఒడుదొడుకులకు మరికొన్ని కలిపినా 10 నుండి 15 చాలును. "ఎందుకైనా మంచిది" అని 200 తెరచి ఉంచడం వలన ఉపయోగం లేదు. అప్లికేషన్ సర్వర్లు నాలుగు ఉంటే నాలుగు పూల్‌లు డేటాబేసు గరిష్ఠ పరిమితిని పంచుకొంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

5. లావాదేవీని తెరచి ఉంచి మనిషి కొరకు వేచి ఉండరాదు. ఆపరేటరు దరఖాస్తు నింపుతున్నంతసేపు డేటాబేసు లావాదేవీని తెరచి ఉంచితే, ఆ మధ్యలో కరెంటు పోయినప్పుడు ఆ అనుసంధానం తాళాలతో సహా నిలిచిపోతుంది. వివరాలన్నీ చేతికి వచ్చిన తరువాతనే లావాదేవీని మొదలుపెట్టి, వెంటనే ముగించాలి.

సొమ్ము చెల్లింపులలో జాగ్రత్త

తెగిన అనుసంధానం వలన కలిగే నష్టం, అది ఏ దశలో తెగినదనే దానిపై ఆధారపడుతుంది. అనుసంధానాన్ని తీసుకొన్నప్పుడే పరీక్షలో తెగినట్లు తెలిస్తే నష్టమేమీ లేదు. అసలు పని ఇంకా పంపబడలేదు గనుక పూల్ మరొకటి తెరచి కొనసాగిస్తుంది.

"ఈ లావాదేవీని ఖాయం చేయుము" అనే ఆదేశం పంపిన తరువాత, బదులు రాకముందు తెగితే మాత్రం చిక్కు. ఆదేశం చేరక పోయి ఉండవచ్చును; చేరి, రుసుము నమోదై, బదులు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చును. అప్లికేషన్ సర్వరుకు ఈ రెంటికీ తేడా తెలియదు. అప్పుడు ప్రోగ్రాము తనంత తానుగా మళ్ళీ ప్రయత్నిస్తే ఒకే దరఖాస్తుకు రెండుసార్లు సొమ్ము పోవచ్చును. ప్రయత్నించకపోతే సొమ్ము చెల్లించినవారికి రసీదు రాకపోవచ్చును.

దీనికి పరిష్కారం అనుసంధానంలో లేదు, నమోదు పద్ధతిలో ఉన్నది. ప్రతి చెల్లింపుకు ముందుగానే ఒక ప్రత్యేక సంఖ్యను కేటాయించి, ఆ సంఖ్య డేటాబేసులో రెండవసారి నమోదు కాకుండా నిబంధన పెట్టాలి. అనుసంధానం తెగినప్పుడు కొత్త అనుసంధానంపై ఆ సంఖ్యతో వెదకి, నమోదై ఉంటే రసీదు ఇవ్వాలి. లేకుంటే అదే సంఖ్యతో మళ్ళీ ప్రయత్నించాలి. ఈ కారణంగానే చెల్లింపు మధ్యలో ఆగినప్పుడు వినియోగదారుడు వెంటనే మరల సొమ్ము కట్టకుండా, లావాదేవీ సంఖ్యతో స్థితిని చూసుకోవడం మంచిది.

ప్రధాన సాఫ్ట్‌వేర్లలో అమరికలు

* మైఎస్‌క్యూఎల్: ఖాళీ గడువు 28,800 సెకండ్లు, గరిష్ఠ అనుసంధానాలు సాధారణంగా 151.
* పోస్ట్‌గ్రెస్: గరిష్ఠ అనుసంధానాలు సాధారణంగా 100. లావాదేవీ మధ్యలో ఆగినవాటిని మూసే గడువు 2016లో 9.6వ వెర్షనులో, సాధారణ ఖాళీ అనుసంధానాలను మూసే గడువు 2021లో 14వ వెర్షనులో చేర్చబడినవి. అడ్మినిస్ట్రేటరు అమర్చనంతవరకు ఈ రెండూ పనిచేయవు.
* ఒరాకిల్: ప్రొఫైలులో ఖాళీ గడువును నిమిషాలలో విధించవచ్చును. అవతలి వైపు సజీవంగా ఉన్నదో లేదో డేటాబేసే పరీక్షించే అమరిక వేరుగా ఉన్నది. దానిని కూడా నిమిషాలలోనే ఇస్తారు.
* హికారీ సీపీ (జావా పూల్): గరిష్ఠంగా 10 అనుసంధానాలు, 10 నిమిషాల ఖాళీ గడువు, 30 నిమిషాల ఆయుర్దాయం సాధారణ విలువలు. కనిష్ఠ సంఖ్య గరిష్ఠ సంఖ్య కంటె తక్కువగా ఉన్నప్పుడే ఖాళీ గడువు పనిచేస్తుంది.

దోష నిర్ధారణ

లోపం కనిపించిన వేళను బట్టి కారణాన్ని చాలావరకు ఊహించవచ్చును. ఉదయం గాని, సెలవు మరునాడు గాని మొదటి కొన్ని పనులే విఫలమై, తరువాత అంతా సవ్యంగా నడిస్తే అది నిశ్శబ్దంగా తెగిన అనుసంధానాల లక్షణము. దానికి విరుద్ధంగా, ఉదయం బాగుండి, రద్దీ పెరిగే కొద్దీ నెమ్మదించి, సాయంత్రానికి పూర్తిగా ఆగిపోతే లీకును అనుమానించాలి. రద్దీతో సంబంధం లేకుండా ఒకే పట్టికకు సంబంధించిన పనులు మాత్రమే ఆగితే లావాదేవీ మధ్యలో ఆగిన అనుసంధానం కొరకు వెదకాలి.

అప్లికేషన్ సర్వరును ఆపి తిరిగి నడిపిస్తే ఈ మూడూ తాత్కాలికంగా తొలగిపోతాయి. అందువలన అసలు కారణం చాలాకాలం బయటపడదు. పునఃప్రారంభించే ముందు రెండు వైపులా ఉన్న అనుసంధానాల జాబితాను పోల్చి చూడాలి. అప్లికేషన్ సర్వరు జాబితాలో ఉండి, డేటాబేసు జాబితాలో లేనివి ఒక వైపు మాత్రమే మిగిలినవి. రెండు జాబితాలలోనూ ఉండి పని జరగకపోతే, మధ్యనున్న ఫైర్‌వాల్ గడువును ముందుగా పరిశీలించాలి. ఆ మూడవ గడియారం ఈ రెండు జాబితాలలో దేనిలోనూ కనిపించదు.

ఇవి కూడా చూడండి

* డేటాబేసు
* ఫైర్‌వాల్
* మీసేవ
* ఖానాపూర్